సవరణ: ప్రొపెల్లర్‌కి రాగి పెయింట్ అని నేను రాసింది తప్పు
పోయిన నెల్లో బోటు అడుక్కి వేసే రాగి పెయింట్ మిగిలితే పారేయకండి, ప్రొపెల్లర్‌కి కూడా రెండు కోట్లు కొట్టేస్తే గుల్లలు పట్టవు అని రాశాను కదా, అది అందరికీ కాదు, అల్యూమినియం ప్రొపెల్లర్ ఉన్నవాళ్లు అస్సలు వేయొద్దు. సోనాపూర్‌లో మా బావ నా మాట నమ్మి వేశాడు, మొన్న బహుదా నది మొగ దగ్గర ఇంజిన్ పైకెత్తి చూస్తే రెక్క అంచున తెల్లటి పొడి, గోరుతో గీరితే కింద చిన్న చిన్న గుంటలు. ఉప్పునీళ్లలో రాగీ అల్యూమినియమూ కలిస్తే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్నే తినేస్తుంది. తిట్టలేదులెండి, టీ డబ్బులు మాత్రం నాతోనే ఇప్పించాడు.

తెరచాప పడవలకి ఉండే కంచు ప్రొపెల్లర్‌కి అంత భయం లేదు, కంచులోనే రాగి ఉంది, కాకపోతే తిరిగే ఊపుకి మామూలు పెయింట్ నిలవదు, లోహం మెరిసేదాకా గీకి ప్రైమర్ వేసి పైన జారుడుగా ఉండే సిలికాన్ కోటింగ్ వేస్తే గుల్ల పట్టినా గట్టిగా అతుక్కోదు. ప్రొపెల్లర్ దగ్గర బిగించే జింక్ ముక్కకి మాత్రం ఏ పెయింటూ తగలనీయకండి, మిగతా లోహానికి బదులు అది కరిగిపోడానికే పెట్టేది. ఔట్‌బోర్డ్ (పడవ వెనక బయట తగిలించే ఇంజిన్) వాళ్లకైతే ఈ పెయింట్లేవీ అక్కర్లేదు, పడవ ఆపాక ఇంజిన్ నీళ్లు తగలకుండా ఎత్తి పెట్టుకోండి చాలు.