పలక పక్కన పనిముట్టు

వయోజన విద్య తరగతిలో కూర్చునేది పిల్లలు కాదు. పగలంతా సెంట్రింగ్ పనికో, మిరప కోతకో, అపార్ట్‌మెంట్లలో పాచిపనికో వెళ్లొచ్చి, వంట చేసి ఇంటిల్లిపాదికీ పెట్టి, రాత్రి ఎనిమిదింటికి పలక పట్టుకుని వచ్చేవాళ్లు. కొన్నాళ్లు వస్తారు, తర్వాత మానేస్తారు. ఆసక్తి లేక మానేశారనడం సులువు. ఆ గంటలో నేర్చుకున్నది మర్నాడు పనిలో ఎక్కడా అక్కరకు రాకపోవడమే అసలు కారణమని మా అభిప్రాయం. సంతకం వచ్చాక కూడా కూలి పెరగదు, మేస్త్రి లెక్క అర్థం కాదు, బ్యాంకులో ఫారం నింపడానికి ఇంకొకరిని బతిమాలాల్సిందే. అలాంటప్పుడు నిద్ర మానుకుని ఎందుకు రావాలి?

పథకాలకు మాత్రం కొదవలేదు. 1978లో జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988లో జాతీయ సాక్షరతా మిషన్, 2009లో సాక్షర భారత్ వచ్చాయి. అయినా 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం దగ్గరే ఆగింది. మహిళల్లో అది 59 శాతం. ఇప్పుడు నడుస్తున్నది ఉల్లాస్. 2022లో మొదలైన ఈ పథకం గడువు 2027 మార్చి. ఐదేళ్లలో ఐదు కోట్ల మందికి చదువు చెప్పడానికి కేంద్ర, రాష్ట్రాల వాటాలు కలిపి 1,037.90 కోట్ల రూపాయలు కేటాయించారు. భాగించి చూడండి, తలకు 208 రూపాయలు కూడా పడదు. అడ్డా మీద నిలబడే కూలీకి ఒక పూట కూలి కూడా కాదది. బోధించే వాలంటీర్లకు జీతం గానీ గౌరవ వేతనం గానీ లేదు.

నిజానికి ఉల్లాస్ కాగితం మీద బాగానే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం చెప్పినట్టే చదవడం, రాయడం, లెక్కలతోపాటు జీవన నైపుణ్యాలు, స్థానికంగా ఉపాధి దొరికే వృత్తి నైపుణ్యాలు, పాఠశాల విద్యతో సమానమైన చదువు, నిరంతర విద్య అని ఐదు భాగాలు పెట్టారు. కానీ చివర్లో పెట్టే పరీక్ష 150 మార్కులకు. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. వృత్తి ఊసు అందులో లేదు. పరీక్షలో అడగనిది పాఠంలో ఎంతుంటుందో పిల్లల బడులు చూసినవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు.

అక్షరాలు ముందు, పని తర్వాత అనే వరసే తప్పు. అక్షరాస్యత పూర్తయ్యాక వృత్తి శిక్షణకు పంపుతామంటారు. పంపే చోట తలుపులు మూసి ఉంటాయి. ఐటీఐలో కొన్ని ట్రేడ్‌లకు ఎనిమిదో తరగతి కావాలి, చాలావాటికి పదో తరగతి కావాలి. గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చే దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో సాధారణ వయోపరిమితి 35 ఏళ్లు. మన పల్లెల్లో వేలిముద్ర వేసేవారిలో ఎక్కువమంది ఆ వయసు ఎప్పుడో దాటినవారే. మిగిలింది జన శిక్షణ సంస్థాన్. చదువు రానివారికి, బడి మానేసినవారికి పని నేర్పడానికే 1967లో ముంబైలో శ్రామిక్ విద్యాపీఠ్ పేరుతో మొదలైన వ్యవస్థ ఇది. 2018లో దీన్ని విద్యా శాఖ నుంచి తీసి నైపుణ్యాభివృద్ధి శాఖకు అప్పగించారు. దాంతో అక్షరం ఒక శాఖ దగ్గర, పనిముట్టు ఇంకో శాఖ దగ్గర ఉండిపోయాయి. ఒకే ఊళ్లో ఒకే మనిషికి ఈ రెండూ కలిపి అందించే బాధ్యత ఎవరిదంటే ఎవరూ చెప్పలేరు.

పనిని పాఠంలోకి తేవడమంటే పాఠం చివర ఉపాధి గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం కాదు. ఆ పనిలో ఉండే కాగితాలు, కొలతలే వాచకం కావాలి. శ్రీకాకుళం నుంచో పాలమూరు నుంచో హైదరాబాద్‌కు వలస వచ్చిన నిర్మాణ కూలీనే తీసుకోండి. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఇచ్చే లేబర్ కార్డు కావాలంటే గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు చూపాలి. ఆ దరఖాస్తు చదివి నింపడం ఒక వారం పాఠం. ఎన్ని రోజులు పనిచేశాడు, ఎంత అడ్వాన్స్ తీసుకున్నాడు, ఇంకెంత రావాలి అని చిన్న పుస్తకంలో రాసుకోవడం కూడికలు, తీసివేతల పాఠం. సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాలు అన్నప్పుడు నిష్పత్తి నేర్పవచ్చు. గోడ పొడవు, ఎత్తు కొలిచి స్క్వేర్ ఫీట్ లెక్క కట్టగలిగినవాడు కూలీగానే ఉండిపోనక్కర్లేదు, మేస్త్రి అవుతాడు. జాకెట్టు కుట్టేవారికి ఛాతీ కొలతలో నాలుగో వంతు, దానికి కలిపే ముప్పావు అంగుళం తెలిస్తే భిన్నాలు వచ్చేసినట్టే. డ్వాక్రా సంఘంలో తీర్మానాల పుస్తకం, అప్పు వడ్డీ లెక్క సిద్ధంగా దొరికే వాచకాలు. అవి చదవగలిగిన సభ్యురాలికి సంఘం లెక్కలు ఎవరు ఎలా రాస్తున్నారో కూడా తెలుస్తుంది. అది కొందరికి ఇష్టం ఉండకపోవచ్చు, అది వేరే సంగతి.

గల్ఫ్ వలస ఉన్న జిల్లాల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి పనికి వెళ్లేవారిలో పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కేటగిరీలోకి వస్తుంది. అంటే వారు గల్ఫ్ దేశాల్లో ఉద్యోగానికి వెళ్లాలంటే ముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి కావాలి. 30 ఏళ్లలోపు మహిళలకైతే ఆ అనుమతి రాదు. అంత జాగ్రత్త పెట్టిన వ్యవస్థ, ఏజెంటు చేతిలో పెట్టిన కాంట్రాక్టు చదవడం నేర్పడం మీద మాత్రం అంత శ్రద్ధ పెట్టదు. జీతం ఏ కరెన్సీలో ఇస్తారు, రోజుకు ఎన్ని గంటల పని, తిండీ వసతీ ఎవరివి, ఈ నాలుగు సంగతులు కాగితంలో ఎక్కడున్నాయో వెతికి పట్టుకోవడం రాత్రి బడిలో నేర్పదగ్గ పాఠమే. ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి దాకా తీసుకెళ్తే ఈసీఆర్ బెడదే ఉండదు. ఓపెన్ స్కూల్ ఉమ్మడి రాష్ట్రంలో 1991లోనే వచ్చింది. వయోజన విద్య కేంద్రం నుంచి అక్కడిదాకా చేయి పట్టుకుని నడిపించే మనిషే లేడు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1967-68లోనే అధిక దిగుబడి వంగడాలు పండించే జిల్లాల్లో రైతులకు సాగు పద్ధతులు, అక్షరాలు కలిపి నేర్పే కార్యక్రమం దేశంలో నడిచింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 2004 నుంచి కమ్యూనిటీ, టెక్నికల్ కాలేజీల్లో ఐ-బెస్ట్ అనే పద్ధతి పెట్టింది. ఒకే తరగతిలో ఇద్దరు టీచర్లుంటారు. ఒకరు వెల్డింగో, నర్సింగ్ అసిస్టెంట్ పనో నేర్పుతుంటే, రెండోవారు ఆ పనికి కావలసిన చదువు, లెక్కలు అక్కడికక్కడే చెబుతారు. అక్కడి డబ్బు మనకు లేదు, నిజమే. కానీ రెండో టీచరు మన ఊళ్లో ఇప్పటికే ఉన్నాడు. తాపీ మేస్త్రి, దర్జీ, ఎలక్ట్రీషియన్, మోటారు మెకానిక్ లేని ఊరు ఎక్కడుంది? వారానికి రెండు సాయంత్రాలు వచ్చి పాఠం చెప్పినందుకు వారి పని గంటకు తగిన డబ్బు ఇవ్వాలి. వాలంటీర్‌కూ ఇవ్వాలి. తలకు రెండొందల రూపాయల బడ్జెట్‌తో ఇది జరగదు.

రెండు ప్రమాదాలు కూడా చెప్పాలి. మొదటిది, మహిళలు అనగానే అధికారులకు కుట్టుమిషన్ తప్ప ఇంకేదీ గుర్తుకు రాని జబ్బు. ఒక్కో ఊళ్లో ఇరవై మందికి కుట్టు నేర్పితే కుట్టించుకునేవారు ఎక్కడి నుంచి వస్తారు? ఏ పని నేర్పాలో ఆ ఊరి చుట్టుపక్కల ఏ పని దొరుకుతుందో చూసి, నేర్చుకునేవారిని అడిగి తేల్చాలి. రెండోది ఇంకా పెద్దది. ఉపాధి పేరుతో చదువును చెప్పినట్టు వినే పనివాళ్ల తయారీగా కుదించేయవచ్చు. నెల్లూరు జిల్లా దూబగుంటను మరిచిపోకూడదు. 1990ల మొదట్లో అక్షర దీపం అనే వయోజన అక్షరాస్యత తరగతుల్లో సారా గురించిన పాఠం చదివిన మహిళలు ఆ పాఠాన్ని తమ ఇళ్లలో చూసుకున్నారు, ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ సెగ రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. ఆనాటి పాఠం వాళ్ల బతుకులోంచి వచ్చింది కాబట్టే అంత పని చేసింది. పని పాఠంలోనూ కనీస వేతనం, ఓవర్‌టైమ్, పీఎఫ్ చీటీ, ప్రమాదం జరిగితే పరిహారం ఎవరివ్వాలి అన్నవి ఉండి తీరాలి. అవి తీసేసి కొలతలు మాత్రమే నేర్పితే లాభం యజమానికే.

ఉల్లాస్ గడువు తర్వాత వచ్చే పథకం పేరు ఏదైనా, పరీక్షలో పనికి కూడా మార్కులుండాలి. ఎంతమంది పాసయ్యారన్న లెక్క పక్కనే ఏడాది తర్వాత వారి కూలి పెరిగిందా, పని మారిందా అన్న లెక్క కూడా ప్రకటించాలి. అయితే రెండు తెలుగు రాష్ట్రాలూ అందాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు. జిల్లాలో వయోజన విద్య అధికారిని, జన శిక్షణ సంస్థాన్ డైరెక్టర్‌ను, ఐటీఐ ప్రిన్సిపాల్‌ను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టడానికి కలెక్టర్‌కు ఢిల్లీ అనుమతి అవసరం లేదు. సాయంత్రం ఖాళీగా ఉండే ఐటీఐ వర్క్‌షాప్ తాళం తీయించడానికీ అవసరం లేదు.