సవరణ: ఏస్ కాంబాట్ 3 డిస్క్ సంగతి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర షాపులో చిన్నప్పుడు ఆడిన యుద్ధవిమానాల వీడియో గేమ్ 'ఏస్ కాంబాట్ 3' నకిలీ డిస్క్ అని, అందుకే అందులో కథ సగానికి సగం ఎగిరిపోయిందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. కత్తిరించింది షాపాయన కాదు, గేమ్ తయారుచేసిన నామ్‌కో కంపెనీయే.

1999లో జపాన్‌లో ప్లేస్టేషన్‌కి వచ్చిన అసలు గేమ్ రెండు డిస్కులు. 52 మిషన్లు, నడుమ యానిమే (జపాన్ కార్టూన్) సీన్లు, మనం ఎవరి పక్షాన ఎగురుతామో దాన్నిబట్టి మారే ఐదు ముగింపులు. 2040లో జనరల్ రిసోర్స్, న్యూకామ్ అనే రెండు బడా కంపెనీల కొట్లాట, మధ్యలో నలిగిపోయే శాంతి దళం. మంచి మసాలా ఉన్న కథ! జపాన్ బయట అమ్మిన దాన్ని నామ్‌కో ఒక్క డిస్కుకి, 36 మిషన్లకి కుదించింది. యానిమే తీసేసింది, పాత్రలు దాదాపు మాయం. మేం ఆడింది అదే.

రెండు వెర్షన్లూ ఆడిన మిత్రుడొకరు మిషన్ల లిస్టులు పక్కపక్కన పెట్టి చూపించాడు. అప్పటి గేమ్ రివ్యూల్లోనూ ఇదే ఉంది.

ఈ గేమ్‌లోని విమానాలకి అద్దం లేని మూసిన కాక్‌పిట్ (పైలట్ కూర్చునే చోటు), లోపల తెర మీద బయటి దృశ్యం అని ఆ పోస్టులో రాసింది మాత్రం సరైనదే. దాన్ని మార్చలేదు.