తాళంచెవి సార్ దగ్గరున్నది

మన హైదరాబాద్‌లో ఒక పెద్ద రచయిత ఇంటిని మ్యూజియం చేశారు. పేరు చెప్పను, పోయినాయన పరువు తీయడం నాకిష్టం లేదు. రెండు గదులు, ఒక వరండా. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తే మొదట కనిపించేవీ చెప్పులే. ఆయనవి, గాజుపెట్టెలో. ఎడమదాని మడమ బాగా అరిగిపోయింది, రాయల్టీ కోసం తిరిగి తిరిగి అని నా అనుమానం. కార్డు మీద మాత్రం 'పాదరక్షలు - 2' అని ఉంది. లెక్క తప్పలేదు.

పక్కన కళ్లజోడు, పొడుం డబ్బా, వెంట్రుకలు ఊడిన షేవింగ్ బ్రష్షు. ఆయన గడ్డం ఎలా గీసుకున్నారో తేలిపోయింది. ఏం రాశారన్నదే తేలాలి.

పుస్తకాలు లేవనకండి, ఉన్నాయి. అద్దాల బీరువాలో, తాళం వేసి.

"ఒకటి తీసి చూడొచ్చా అన్నా?"

"తాళంచెవి సార్ దగ్గరున్నది."

"సార్?"

"మీటింగుకు పోయిండు. మీరు కుర్చీల కూసొని ఫొటో దిగుండ్రి."

రెండోసారి వెళ్లాను. సార్ వచ్చారు, తాళంచెవి ఇంట్లో మరిచారు. మూడోసారి తాళంచెవి కూడా వచ్చింది. తాళమే తుప్పు పట్టి తిరగనంది. పగలగొట్టాలంటే పైనుంచి ఆర్డర్ రావాలట. లోపల ఒక అట్ట మీద చెదల మట్టిగీత అప్పటికే పైకి పాకుతోంది. వాటికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు.

ఇదే ఊళ్లో 1901లో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం మొదలైంది. అదీ ఇల్లే. జనం వచ్చి తెలుగు చదువుకోవాలని తలుపులు తీశారు. వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. నిజామాబాద్ జైల్లో దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యం రాస్తే తోటి ఖైదీలు చదువుకున్నారు. నిజాం జైల్లో దొరికిన చదువు మీ మ్యూజియంలో దొరకదా? బయట కొందామంటే ఆయన పుస్తకం ఒక్కటీ అచ్చులో లేదు. ఉన్న నాలుగూ మీరు తాళం వేసి కూర్చున్నారు. సిగ్గు లేదూ?

ఈ మాటే అక్కడి అభిప్రాయాల పుస్తకంలో రాద్దామని అడిగాను.

"అదీ బీరువాల్నే ఉన్నది సార్."