పది డోసుల సీసా దొరవారికి

మహారాజశ్రీ కోవిషీల్డ్ పది డోసుల సీసా గారి సముఖానికి, తిరుపతి టీకా కేంద్రాల వాళ్ళు రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి. తమరు 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉన్నారని తలుస్తాం. తిరుపతిలో మే నెల ఎండ ఎలా ఉంటుందో తమరికి తెలియదు. తెలియకుండా చూడడమే కదా మా ఉద్యోగం.

2021 జనవరి 16న దేశంలో కరోనా టీకాలు మొదలైన దగ్గర్నుంచి తమరికి జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు. గన్నవరం నుంచి జిల్లాకు ప్రత్యేకంగా వ్యాను. ఆరోగ్య కేంద్రంలో ఐఎల్‌ఆర్ అనే టీకాల ఫ్రిజ్ పెట్టెలో పడక. ఆదివారమైనా, పండగైనా రోజుకు రెండుసార్లు ఎవరో ఒకరు వచ్చి ఆ పెట్టె ఎంత చల్లగా ఉందో చూసి పుస్తకంలో ఎక్కించాలి. ఊళ్ళో జ్వరంతో మంచం పట్టినవాళ్ళకు కూడా ఆ సేవ దక్కలేదు. తమరు బయటికి బయల్దేరే పొద్దున ఇంకో తతంగం. ఫ్రీజర్లోంచి తీసిన ఐస్‌ప్యాకులను తీసినట్టే తమరిని మోసే క్యారియర్లో పెడితే తమరు గడ్డకట్టి పనికిరాకుండా పోతారు. అందుకని వాటిని బల్ల మీద పరిచి, చెమట పట్టేదాకా, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినపడేదాకా కాచుకోవాలి. బయట వరుసలో ఉన్నవాళ్ళు మాత్రం "ఇంగా తెరవలేదేంది? టీలు తాగతా ఉండారా లోపల?" అంటారు.

ఇంతవరకూ ఓర్చుకున్నాం. అసలు పేచీ తమరి మూత దగ్గర.

తమరిలో ఉండేది 5 మి.లీ. మనిషికి 0.5 మి.లీ. చొప్పున పది మందికి. రబ్బరు మూతలో మొదటి సూది గుచ్చిన నిమిషం నుంచి గడువు 4 గంటలు. క్రిములు చేరకుండా కాపాడే మందేదీ తమరిలో కలపలేదు కాబట్టి, గడువు దాటితే లోపల ఎంత మిగిలినా పారబోయాల్సిందే. అందుకే లేబుల్ మీద తెరిచిన టైము పెన్నుతో రాస్తాం. ఒక్కసారి వాడాక మళ్ళీ పనిచేయని ఏడీ సిరంజి తమరికి తగ్గ జోడీ. దాని పిస్టన్‌ను ఒక్కసారే వెనక్కి లాగగలం. మామూలు సిరంజిలా ముందు గాలి పీల్చి సీసాలోకి కొడదామనుకుంటే అక్కడికక్కడే బిగుసుకుపోతుంది, సిరంజి దండగ. చెయ్యి తిరిగిన సిస్టరు చేతిలో అయితే తమరిలో అడుగున మిగిలే కాస్త ఎక్కువతో పదకొండో డోసు కూడా వచ్చిన రోజులున్నాయి. కేరళ వాళ్ళు అలాగే వచ్చినదానికన్నా ఎక్కువ వేశామని లెక్క చూపించి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు.

ఆ పేరు వచ్చి మా నెత్తిన పడింది. మొదట్లో పది శాతం వృథా అవుతుందని పైవాళ్ళే ఒప్పుకుని, కావలసిన డోసులను 1.11తో గుణించి లెక్కకట్టారు. తర్వాత ఒక శాతం కూడా దాటకూడదన్నారు. వచ్చినవాళ్ళెవరినీ తిప్పి పంపొద్దని కూడా అదే నోటితో అన్నారు. ఈ రెండు ఆజ్ఞలూ ఒకే సీసాలో పట్టవు దొరా!

సాయంత్రం మూడున్నర అనుకోండి. మిగిలింది తమరొక్కరే. కుర్చీల్లో ఆరుగురు. మూత తీస్తే నాలుగు డోసులు నేలపాలు, తీయకపోతే ఆరుగురూ ఇంటికి. గడువు ఏడున్నర దాకా ఉన్నా కేంద్రం ఐదుకే మూత. ఇక ఫోన్లు మొదలు. "అన్నా, నలుగురుంటే పంపన్నా, సీసా తెరవాల." "మా పక్క అందరూ ఏసుకునేసినారు మేడమ్. ఒక తాత ఉండాడు, ఏసుకుంటే నాటుకోడి తినకూడదంట కదా, నాకొద్దు అంటాండాడు." తాతకు కోడి సంగతి నచ్చజెప్పేలోపు కుర్చీల్లో ఒకరు లేచి వెళ్ళిపోతారు. కూలి మానుకుని వచ్చిన మనిషి. రేపు రమ్మంటే రేపటి కూలి ఎవరిస్తారు? పారబోసిన నాలుగు డోసులకు రిజిస్టర్లో గడి ఉంది. తిరిగిపోయిన ఆ మనిషికి ఏ గడీ లేదు. సున్నా వృథా అని శాలువా కప్పించుకున్న ప్రతి కేంద్రాన్నీ ఒక్క మాట అడగాలి: ఎంతమందిని వెనక్కి పంపితే వచ్చిందయ్యా ఆ సున్నా? టౌన్లో పది మంది పోగవడానికి పది నిమిషాలు చాలు. ఇరవై గడప కూడా లేని కాలనీలో తమరి మూత తీయాలంటే గుండె ధైర్యం కావాలి.

తమరు దొరకని రోజుల్లో జనం తీరు ఇంకో రకం. ఆరడుగులకొకటి ముగ్గుపిండితో గీసిన గుండ్రాల్లో చెప్పులు బుద్ధిగా దూరం పాటించేవి. వాటి యజమానులు వేపచెట్టు కింద భుజం భుజం ఆనించి, మాస్కు గడ్డానికి కట్టి, కరోనా ఎలా అంటుకుంటుందో చర్చించేవాళ్ళు. సూది పడ్డాక అరగంట కూర్చోమంటే ఐదో నిమిషానికి కుర్చీ ఖాళీ, "బండి రోడ్డు మీదుండాది" అని.

రెండో డోసు ఎడం 28 రోజులన్నారు. మార్చిలో 6 నుంచి 8 వారాలన్నారు. సరుకుకు కటకటగా ఉన్న మే 13న 12 నుంచి 16 వారాలు చేశారు. ఎడం పెరిగితే బలం పెరుగుతుందని ఆక్స్‌ఫర్డ్ పరీక్షల్లో అంతకుముందే తేలింది, అది అబద్ధం కాదు. కానీ స్టాకు లేనప్పుడే గుర్తొచ్చిన శాస్త్రాన్ని ఊరు నమ్ముతుందా? కేంద్రం గేటు దగ్గర తిట్లు తిన్నది మేమే. సరుకు చేతికందితే జరగనిదేం లేదు. జూన్ 20న ఒక్కరోజే రాష్ట్రంలో 13 లక్షలకు పైగా డోసులు పడ్డాయి.

ఇక సెప్టెంబరులో కొండ మీదికి రావాలంటే రెండు డోసుల సర్టిఫికెట్టో, 72 గంటల లోపు నెగటివ్ రిపోర్టో ఉండాలని టీటీడీ చెప్పింది. కరోనా భయపెట్టి రప్పించలేనివాళ్ళను గోవిందుడు ఒక్క ప్రకటనతో రప్పించాడు. "ఈరోజు ఒకటి, ఎల్లుండి ఒకటి ఏసేయండి మేడమ్, శనివారం దర్శనం." 84 రోజులు ఆగాలంటే మా మొహాన ఆ చూపు!

పది డోసులుగా ఎందుకొచ్చారో మాకు తెలుసు. గాజు తక్కువ, ఖర్చు తక్కువ, ఐఎల్‌ఆర్‌లో చోటు తక్కువ. టౌన్లకు అలాగే రండి. కాలనీలకూ కొండకింద పల్లెలకూ ఐదు డోసులవారినో, ఇంకా చిన్నవారినో పంపండి. అది కుదరకపోతే వృథా రిజిస్టర్లో పక్కన 'తిప్పి పంపినవారు' అని ఇంకో గడి గీయించండి. రెండు అంకెలూ కలిపి చూశాకే శాలువాలు కప్పమనండి.

మళ్ళీ బయల్దేరే పనిబడితే చిరునామా సరిచూసుకోగలరు. అప్పట్లో మాది చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా.

ఇట్లు,
తమరి మూత తీయలేక, తీయకుండా ఉండలేక,
తిరుపతి టీకా కేంద్రాలవాళ్ళు