60 పరుగులిచ్చినా సరే, 150 స్పీడ్ వేసేవాడు వన్డే టీమ్‌లో ఉండాల్సిందే

వన్డే టీమ్ అనౌన్స్ చేసిన ప్రతిసారీ మన దగ్గర ఒకటే రచ్చ, ఫలానా పేసర్ పరుగులు ధారపోస్తాడు, ఎకానమీ, అంటే ఓవర్‌కి ఇచ్చే పరుగులు, ఆరు దాటింది, వాణ్ణి తీసేయండి అని. తిరుపతిలో ఏ టీ అంగడి ముందు నిలబడినా ఇదే మాట, టీవీల్లో కూర్చున్న మాజీలదీ ఇదే మాట. నేను మాత్రం ఒప్పుకోను. నిజంగా స్పీడ్‌గా వేసే బౌలర్‌ని ఎకానమీతో కొలవడమే మొదటి తప్పు. వాడి పని పరుగులు ఆపడం కాదు, వికెట్ తీయడం, అదీ మిగతా ఎవ్వరికీ వికెట్ పడని టైమ్‌లో.

ఆ టైమ్ ఏదంటే 11 నుంచి 40 ఓవర్ల మధ్య. 2011లో రెండు కొత్త బంతులు వచ్చాయి, 2012 నుంచి ఆ మధ్య ఓవర్లలో 30 గజాల సర్కిల్ బయట నలుగురే ఫీల్డర్లు, అప్పట్నుంచి వన్డే క్రికెట్ ఎట్ల మారిందో అందరికీ తెలిసిందే. బంతి గట్టిగానే ఉంటుంది, పాతబడి రివర్స్ అయ్యేది, అంటే మామూలు స్వింగ్‌కి ఎదురు వైపు తిరిగేది, ఏమీ లేదు, బ్యాట్స్‌మన్ ఒకసారి కుదురుకున్నాడంటే ఇంక వాణ్ణి కదిలించేది ఎవరు? ఇద్దరు సెట్ అయిన బ్యాటర్లు 40వ ఓవర్ దాకా క్రీజులో ఉంటే చివరి పది ఓవర్లలో వంద కొట్టడం ఇప్పుడు వార్త కూడా కాదు. లైన్ అండ్ లెంగ్త్ వేసేవాడు ఓవర్‌కి ఐదు ఇచ్చి పది ఓవర్లు ముగించుకుంటాడు, కార్డులో 50 పరుగులు, వికెట్లు సున్నా, అందరూ చప్పట్లు కొడతారు. కానీ ఆ సున్నా వల్లనే కదా చివర్లో వేరే బౌలర్ 80 ఇచ్చుకున్నాడు, ఆ లెక్క ఎవడి ఖాతాలో రాయాలి?

స్వింగ్ లేదు, టర్న్ లేదు, పిచ్ రోడ్డులా ఉంది, అప్పుడు మిగిలేది గాల్లో స్పీడ్ ఒక్కటే. చిన్న లెక్క వేసి చూడండి. బౌలర్ కాలు దిగే గీతకి, బ్యాటర్ నిలబడే గీతకి, అంటే రెండు పాపింగ్ క్రీజుల మధ్య దూరం 17.68 మీటర్లు. గంటకి 130 కిలోమీటర్ల స్పీడ్‌తో వేసిన బంతి ఆ దూరం రావడానికి దాదాపు 0.49 సెకన్లు, 150తో వేస్తే 0.42. పిచ్ మీద పడ్డాక బంతి కొంచెం నెమ్మదిస్తుంది కాబట్టి అసలు టైమ్ ఇంకాస్త ఎక్కువే, అయినా తేడా మాత్రం అట్లనే ఉంటుంది. ఆ తేడా ఏం చేస్తుందంటే, 130లో వచ్చిన షార్ట్ బాల్‌ని బ్యాటర్ వెనక్కి జరిగి, బరువు మార్చుకుని, చేతులు చాచి మిడ్ వికెట్ మీదుగా స్టాండ్స్‌లోకి పంపిస్తాడు. అదే లెంగ్త్ 150లో వస్తే కాలు వెనక్కి పడేలోపే బంతి ఛాతీ దగ్గరికి వచ్చేస్తుంది, బ్యాట్ సగం తిరిగుంటుంది, పై అంచుకి తగిలి డీప్ ఫైన్ లెగ్ దగ్గర నిలబడినోడి చేతుల్లో పడుతుంది. షాట్ ఒకటే, బ్యాటర్ ఒకడే.

పరుగులు ఆపడంలో ఆస్ట్రేలియా పేసర్ మెక్‌గ్రాత్‌ని మించినోడు లేడు అంటారు, నిజమే, 250 వన్డేల్లో 381 వికెట్లు, యావరేజ్, అంటే వికెట్‌కి ఇచ్చిన పరుగులు, కూడా తన టీమ్‌లోనే స్పీడ్‌గా వేసే బ్రెట్ లీ కన్నా మెరుగు, కాదనేది ఏం లేదు. కానీ లీ 221 మ్యాచుల్లోనే 380 తీశాడు, ఒక్క వికెట్ తేడా, 29 మ్యాచులు తక్కువ. పరుగులు ఎక్కువ ఇచ్చాడు, వికెట్లు తొందరగా తీశాడు, ఆస్ట్రేలియా ఇద్దర్నీ కలిపి వాడుకుంది. ఒకడు పరుగులు కట్టేస్తే ఇంకొకడు వికెట్లు పడగొట్టేవాడు. మనం ఏం చేస్తున్నాం? కట్టేసేవాళ్లనే నలుగుర్ని పెట్టుకుని కూర్చుంటున్నాం.

ఇంక ఆస్ట్రేలియా పేసర్ స్టార్క్ సంగతి. 2015 వరల్డ్ కప్ ఫైనల్లో మెల్‌బోర్న్‌లో న్యూజిలాండ్ కెప్టెన్ మెకల్లమ్‌ని, అతను ఆడిన మూడో బంతికే బౌల్డ్ చేశాడు, నా లెక్కలో ఆ మ్యాచ్ అక్కడే అయిపోయింది. అదే టోర్నీలో ఆక్లాండ్‌లో ఆస్ట్రేలియా 151కే కుప్పకూలితే, 28 పరుగులకి 6 వికెట్లు తీసి న్యూజిలాండ్‌ని తొమ్మిది వికెట్ల దాకా లాక్కొచ్చాడు. ఒక్క వికెట్ తేడాతో ఓడిపోయారు సరే, కానీ 151 కాపాడుకునే మ్యాచ్‌ని అంతదాకా తీసుకురాగలిగేది ఇట్లాంటోడు మాత్రమే. 2019 వరల్డ్ కప్‌లో 27 వికెట్లు, ఒక వరల్డ్ కప్‌లో ఇప్పటిదాకా అంతకు మించి ఎవ్వరూ తీయలేదు. 2023 వరల్డ్ కప్ ఫైనల్ అహ్మదాబాద్‌లో మనకి గుర్తు చేయక్కర్లేదు, గిల్, రాహుల్, షమీ ముగ్గురూ అతని ఖాతాలోనే, ఇచ్చింది 55. ఆ 55 చూసి ఎవరైనా స్టార్క్ బాగా వేయలేదు అంటారా?

అవతలి వాళ్ల వాదన కూడా చెప్పుకుందాం. 2025 ఛాంపియన్స్ ట్రోఫీ బుమ్రా లేకుండానే, నలుగురు స్పిన్నర్లతో గెలిచాం కదా, స్పీడ్ ఎందుకు అంటారు. స్పీడ్‌గా వేసేవాళ్లకి ఎప్పుడూ దెబ్బలే, నమ్ముకోలేం అని కూడా అంటారు. దుబాయ్ పిచ్ స్లో, అన్ని మ్యాచులూ అక్కడే ఆడాం, ఆ గెలుపు గొప్పదే కానీ 2027 వరల్డ్ కప్ సౌతాఫ్రికా, జింబాబ్వే, నమీబియాలో. జోహన్నెస్‌బర్గ్‌లో దుబాయ్ లెక్క నడవదు. దెబ్బలంటారా, న్యూజిలాండ్ పేసర్ షేన్ బాండ్ ఒళ్లంతా దెబ్బలతోనే 82 వన్డేలు ఆడి 147 వికెట్లు తీశాడు, ఆడినన్నాళ్లు ఎదురుగా ఉన్నోడికి నిద్ర లేదు.

సౌతాఫ్రికాలో ఏం పని చేస్తుందో మనకి తెలీదా ఏంది? 2003 వరల్డ్ కప్‌లో అదే గడ్డ మీద శ్రీనాథ్, జహీర్, నెహ్రా ముగ్గురూ కలిసి 49 వికెట్లు తీస్తేనే ఫైనల్ దాకా పోయాం. డర్బన్‌లో వాచిపోయిన కాలితో నెహ్రా ఇంగ్లాండ్ మీద 23 పరుగులకి 6 వికెట్లు తీసిన రాత్రి మా వీధిలో ఎవరూ పడుకోలేదు. పైగా ఇప్పుడు రూల్ కూడా స్పీడ్ వైపే తిరిగింది. 2025లో ఐసీసీ మార్చిన దాని ప్రకారం 34 ఓవర్ల వరకే రెండు బంతులు, 35 నుంచి వాటిలో బౌలింగ్ టీమ్ ఎంచుకున్న ఒక్క బంతితోనే ముగించాలి. అంటే ఇంతకు ముందు ఇన్నింగ్స్ చివరికి 25 ఓవర్ల పాత బంతి ఉంటే, ఇప్పుడు 33 ఓవర్ల పాత బంతి ఉంటుంది. పాత బంతితో రివర్స్ యార్కర్ వేసే కాలం మళ్లీ రావచ్చు, పాకిస్తాన్ పేసర్ వకార్ వన్డేల్లో 416 వికెట్లు, 13 సార్లు ఐదేసి వికెట్లు తీసిన కాలం. కానీ బంతి రివర్స్ అయితే సరిపోదు, అది చేతిలోంచి స్పీడ్‌గా రావాలి, 130లో రివర్స్ అయ్యే బంతిని ఇప్పటి బ్యాటర్లు చూసి మరీ కొడతారు.

మరి మన దగ్గర ఎవరున్నారు? ఉమ్రాన్ మాలిక్ 2023 జనవరిలో గువాహటిలో శ్రీలంక మీద 156 వేశాడు, 57 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. మొత్తం 10 వన్డేలు, 13 వికెట్లు. అదే ఏడాది జూలై తర్వాత మళ్లీ వన్డేలో కనపడలా. దెబ్బలు తగిలాయి, నిజమే, కానీ అంతకు ముందే పరుగులు లీక్ చేస్తున్నాడని వాణ్ణి సగం వదిలేశారు. 156 వేసే కుర్రోడికి 10 మ్యాచులా? వాడి వెనక ఒక బౌలింగ్ కోచ్‌ని, ఒక ఫిజియోని పెట్టి మూడేళ్లు ఓపిక పట్టలేనంత పేద బోర్డు కాదు మనది.

అసలు రోగం ఇంకా కింద ఉంది. పాత చిత్తూరు జిల్లా అంతా తిరగండి, శ్రీకాళహస్తి, పుంగనూరు, పలమనేరు, సంక్రాంతికి టెన్నిస్ బాల్ టోర్నమెంట్ లేని ఊరు అరుదు, ఆ టోర్నమెంట్లలో మంచి చెయ్యి స్పీడ్ ఉన్నోడు లేని టీమ్ కూడా అరుదు. వాడు లెదర్ బాల్ దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుంది? సిమెంట్ మీద మ్యాట్ పరిచిన పిచ్, కాళ్లకి స్పైక్స్ ఉండవు, ముందు కాలు దిగిన ప్రతిసారీ ఒంటి బరువుకి ఎన్నో రెట్లు మోకాలి మీద, నడుం మీద పడుతుంది. నేను కళ్లారా చూసిన పిల్లోడు ఒకడున్నాడు, పలమనేరు వైపు నుంచి బస్సులో వచ్చేవాడు. సెలెక్షన్ రోజు మొదటి బంతి కీపర్ తల మీదుగా పోయింది, రెండోది వైడ్, మూడో బంతికి బ్యాటర్ బ్యాట్ దించకముందే మిడిల్ స్టంప్ లేచి వెనక్కి పడింది. కోచ్ వాడి భుజం మీద చెయ్యేసి అన్నమాట, "రేయ్, స్పీడ్ తగ్గించి లైన్ మీద వెయ్ రా." మరుసటి ఏడాది వాడు బుద్ధిగా మీడియం పేస్ వేస్తా ఉన్నాడు, ఆ తర్వాత రావడమే మానేశాడు.

ఇది ఒక్క క్రికెట్ సంగతి కాదు, మన ఇళ్లల్లో, స్కూళ్లల్లో, కోచింగ్ సెంటర్లలో అంతా ఇదే తంతు, తప్పు చేయనోడే మంచి పిల్లోడు. పదిసార్లు తప్పి ఒక్కసారి ఎవ్వరూ చేయలేనిది చేసేవాణ్ణి మనం ఓర్చుకోలేం. సిరాజ్ హైదరాబాద్ గల్లీల్లో టెన్నిస్ బాల్‌తో మొదలైనోడే, ఆటో నడిపే నాన్న కొడుకు, 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకి 6 వికెట్లు తీస్తే శ్రీలంక 50కే ఆలౌట్. అట్లాంటి వాళ్లు మన వైపు లేరని ఎవరు చెప్పగలరు, వెతికితే కదా?

జిల్లా అండర్-16 సెలెక్షన్స్‌లో ఒక స్పీడ్ గన్ పెట్టండి. అందరికన్నా స్పీడ్‌గా వేసిన ముగ్గురు పిల్లల్ని వైడ్లు ఎన్ని వేశారన్నది చూడకుండా పక్కకి తీసి, రెండేళ్లు టర్ఫ్ పిచ్ మీద, మంచి బూట్లతో వేయించండి. ఆ రెండేళ్లలో వాళ్లకి లైన్ నేర్పించొచ్చు, 150 మాత్రం ఏ కోచ్ వల్లా కాదు.