పాత తాడును కోసేయండి, కింది మనిషికి ఇవ్వకండి

చెట్ల పనిలో ఉన్నవాళ్లందరికీ ఒక మాట. ఎక్కడానికి పనికిరాదని పక్కన పెట్టిన తాడును దుంగలు దించడానికి వాడకండి. ఇవాళ నేను రాసేదంతా ఈ ఒక్క మాట గురించే. పోస్టు పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఈ అలవాటు ఎలా మొదలవుతుందో మీకూ తెలుసు. ఎక్కే తాడు రెండు మూడేళ్లు వాడతాం. పైతొడుగు నూగులేస్తుంది, ఒకటి రెండు చోట్ల రంపం పన్ను తగిలి పోగులు తెగుతాయి. ఒకరోజు దాన్ని చేతిలో పట్టుకోగానే, ఇక నా ప్రాణం దీనికి అప్పజెప్పలేను అనిపిస్తుంది. అంతవరకు సబబే. ఆ తర్వాతే తప్పు జరుగుతుంది. "ఎక్కడానికి కాదుగానీ, కొమ్మలు దించడానికి చాలు" అంటూ దాన్ని రిగ్గింగ్ సంచిలో, అంటే దుంగలు దించే సామాను సంచిలో, పడేస్తాం. డెబ్బై కిలోల మనిషిని మొయ్యలేదని మనమే తేల్చిన తాడుకు నూటఎనభై కిలోల దుంగను కడతాం. ఆ దుంగ కింద ఎవరున్నారు? పైకెక్కినవాడు కాదు. తాడు చివర పట్టుకుని నిలబడిన కింది మనిషి.

ఎనిమిదేళ్ల కిందట ఆ కింది మనిషిని నేనే. చచ్చిపోయిన పెద్ద మానును పైనుంచి ముక్కలు ముక్కలుగా దించుతున్నాం. మా పెద్ద తన పాత తాడు ఇచ్చాడు. చూడ్డానికి బాగానే ఉంది, తొడుగు మీద పెద్ద గాయమేమీ లేదు. నాలుగు ముక్కలు చక్కగా దిగాయి. ఐదోది జారగానే పైన చిన్న చప్పుడు వినిపించింది, నా చేతిలో తాడు వదులైపోయింది. దుంగ నాకు రెండు మూరల దూరంలో పడింది. నేల అదిరింది, నా చెవుల్లో చాలాసేపు ఏమీ వినపడలేదు. పైనున్న అన్న మాను ఊపుకి అటూ ఇటూ ఊగుతూ నా పేరు పెట్టి అరుస్తూనే ఉన్నాడు, నాకు జవాబివ్వడానికి నోరు రాలేదు.

సాయంత్రం తెగిన కొసను చూశాం. తెగింది ముడి దగ్గరే. కానీ అక్కడి నుంచి రెండు మీటర్ల దాకా తొడుగు లోపల పోగుల కట్ట గట్టిపడి, చప్పిడిగా, వేలితో వంచితే విరిగేలా ఉంది. దానికి ఏం తగిలిందో ఎవరూ చెప్పలేకపోయారు. బండిలో బ్యాటరీ పక్కన పెట్టారా? సల్ఫ్యూరిక్ ఆమ్లం నైలాన్‌ని తినేస్తుంది, పైకి మరక కూడా సరిగ్గా కనపడదు. అంతకుముందెప్పుడో పెద్ద కుదుపు తిన్నదా? ఆ తాడు మీద చీటీ లేదు, కొన్న తేదీ లేదు, ఎవరి దగ్గర ఎంతకాలం ఉందో రాసిన కాగితం లేదు. ఎక్కే తాడుగా ఉన్నన్నాళ్లు దానికో లెక్క ఉండేది. రిగ్గింగ్ సంచిలో పడిన రోజే ఆ లెక్క పోయింది.

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం. "ఆ తాడు రెండు టన్నులు మోస్తుంది, దుంగ రెండొందల కిలోలు కూడా ఉండదు" అనే వాదన నేను వందసార్లు విన్నాను.

మొదట బరువు. పచ్చి కర్ర చాలా జాతుల్లో దాదాపు నీటితో సమానమైన బరువు ఉంటుంది, ఘనమీటరుకు అటూఇటుగా 1000 కిలోలు. 40 సెంటీమీటర్ల మందం, 1.5 మీటర్ల పొడవు ఉన్న ముక్కకు లెక్క కట్టండి. 188 కిలోలు వస్తుంది. ఇదే ముక్కను చూపించి ఎంతుంటుందని అడిగితే మనవాళ్లు ఎనభై అంటారు, నూరు అంటారు. మందం రెట్టింపైతే బరువు నాలుగింతలవుతుందని కంటికి తెలియదు.

ఆ బరువు ఊరికే వేలాడదు, పడుతుంది. మాను పైకొసను కోసేటప్పుడు కప్పీ కోతకు కింద ఉంటుంది, ముక్క కోతకు పైన ఉంటుంది. ముక్క తిరగబడి తాడు బిగిసేలోపు దాని నడిభాగం సుమారు మీటరున్నర కిందికి వచ్చేస్తుంది. అక్కడ కింది మనిషి తాడును గట్టిగా బిగబట్టి అర మీటరులో ఆపేస్తే, తాడు మీద పడే సగటు బలం దుంగ బరువుకు నాలుగింతలు. మన ముక్కను 180 కిలోలే అనుకున్నా 720 కిలోల లాగుడు. అదే తాడును మెల్లగా జారనిచ్చి మీటరున్నరలో ఆపితే రెండింతలు, అంటే 360. ఇవి సగటులు మాత్రమే, ఆ క్షణంలో వచ్చే గరిష్ఠం ఇంకా ఎక్కువ. పైనున్న కప్పీనీ, దాన్ని మానుకు కట్టి పట్టుకున్న స్లింగ్‌నీ (కట్టు పట్టీని) అటూ ఇటూ దిగే తాడు రెండు కాళ్లూ కలిసి లాగుతాయి కాబట్టి వాటి మీద పడేది దాదాపు దానికి రెట్టింపు.

రెండు టన్నుల వాదన సంగతి చూద్దాం. ఎక్కే తాళ్లకు వర్తించే ఈఎన్ 1891 అనే యూరోపియన్ ప్రమాణంలో 'A' రకం తాడు కొత్తగా, ముడి లేకుండా కనీసం 22 కిలోన్యూటన్లు తట్టుకోవాలి. కిలోన్యూటన్ అంటే సుమారు 102 కిలోలు, కాబట్టి 2,240 కిలోలు. అదే తాడు కొసన ముడి వేసి పరీక్షిస్తే ప్రమాణం అడిగేది 15 కిలోన్యూటన్లు మాత్రమే. ఇదంతా కొత్త తాడు సంగతి. దించే పనిలో తాడు తెగే బలంలో పదో వంతు దాకానే వాడటం మన వృత్తిలో మంచి పద్ధతి. 2,240లో పదో వంతు 224. మన దుంగ లాగుతున్నది 720. ఇక పాత తాడు, గట్టిపడిన పోగులు, బెరడు మీద రాపిడి... మీరే చెప్పండి. దించడానికే తయారైన 16 మిల్లీమీటర్ల పాలియెస్టర్ డబుల్ బ్రెయిడ్ (రెండు పొరల అల్లిక) మోకుల్లో చాలావరకు 5 టన్నులు దాటాకే తెగుతాయి. అంత లావు మోకు ఎందుకు మొయ్యాలి అని నసిగేవాళ్లు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవాలి.

(ఇక్కడే ఇంకొకటి. డైనీమా అనే కృత్రిమ పోగు తాడు సన్నగా ఉంటుంది, ఉక్కుకంటే బలం, అదే వాడుకుందాం అనేవాళ్లున్నారు. స్లింగ్‌గా దాని చోట అది మంచిదే. కానీ ఆ పోగు కరిగేది సుమారు 145 డిగ్రీల దగ్గర, పాలియెస్టర్ 250 దాటాక. తాడు జోరు తగ్గించడానికి మాను మొదట్లో కట్టే డ్రమ్ము చుట్టూ బరువుతో తాడు పరుగెత్తినప్పుడు పుట్టే వేడికి ఏది నిలబడుతుందో ఆలోచించండి. పైగా అది నున్నగా ఉంటుంది, ముడి నిలవదు.)

బలం ఒక్కటే అయితే బహుశా ఇంత పొడుగు రాసేవాణ్ని కాదు. దీనికి తిరుగుదారి కూడా ఉంది, నన్ను ఎక్కువ భయపెట్టేది అదే. కిందికి పంపిన తాడు కింద ఉండిపోదు. రెండేళ్ల కిందట కొత్తగా చేరిన కుర్రాడు తన తాడు తడిగా ఉందని రిగ్గింగ్ సంచిలోంచి ఒకటి తీసుకున్నాడు. అదే కంపెనీది, అదే రంగు, కొసన కుట్టిన కన్ను (ఉచ్చు) కూడా ఉంది. వాడి తప్పేముంది? చూస్తే ఎక్కే తాడులాగే ఉంది, ఒకప్పుడు అది ఎక్కే తాడే కదా. హార్నెస్‌కి (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలకు) తగిలించుకుని, ముడి బిగించి, మొదటి పంగ దాకా వెళ్లిపోయాడు. నేను పైకి చూసి ఆ తాడును గుర్తుపట్టడం కేవలం అదృష్టం. నిచ్చెన వేసి దించాను. వాడికి కోపం వచ్చింది, పని ఆపానని. వాడు ఎక్కిన ఆ తాడు అంతకు నెల ముందు ఎన్ని దుంగల కుదుపు తిన్నదో వాడికి తెలియదు.

అందుకే కోసెయ్యమంటున్నాను. "పాతది" అని రాసి మూల పడేస్తే చాలదు, రాత చెరిగిపోతుంది. మూరెడేసి ముక్కలుగా కొయ్యాలి. మూరెడు ముక్కతో ఎవరూ ఎక్కలేరు, ఎవరూ దేన్నీ దించలేరు. కొత్తవాళ్లు బ్లేక్స్ హిచ్, డిస్టెల్ లాంటి ముళ్లు నేర్చుకోవడానికి బారెడు ముక్కలు రెండు దాచుకోండి, అంతకు మించి వద్దు.

తాడు ఒక ఉదాహరణ మాత్రమే. ఈ పనిలో పాతదేదైనా సరే కిందికే వెళ్తుంది. ఎక్కేవాడి హెల్మెట్ ఎండకు వెలిసి పెళుసెక్కితే కింది మనిషి తలమీదికి వస్తుంది, కొమ్మలు పడేది ఆ తలమీదే అని తెలిసి కూడా. రంపపు ప్యాంటులో రక్షణ పోగుల పొర ముందువైపు తెగితే "కింద ఉండేవాడికి పర్లేదు" అంటారు, రోజంతా నేల మీద చైన్‌సా పట్టుకుని కొమ్మలు ముక్కలు కొట్టేది వాడే అయినా. అల్యూమినియం కారబైనర్ (తాళ్లు తగిలించే కొక్కెం) గేటు సరిగ్గా మూసుకోకపోతే అది రిగ్గింగ్‌లోకి వెళ్తుంది. మంచి కారబైనర్‌కే నిలువు లాగుడులో 22, 25 కిలోన్యూటన్లు, అడ్డంగా తిరిగితే 7. దుంగ కుదుపులో అది అడ్డం తిరగదని ఎవరు హామీ ఇస్తారు? నాకైతే దించే పనిలో ఉక్కు షాకిల్, కప్పీ, స్లింగ్ తప్ప ఇంకేదీ నచ్చదు.

బ్రిటన్‌లో 1998 నుంచి ఉన్న, బరువులెత్తే సామానుకు సంబంధించిన లోలర్ (LOLER) నిబంధనలు చదివినప్పుడు నాకు మనసుకు పట్టిన సంగతి ఒకటుంది. మనుషుల్ని మోసే సామానును 6 నెలలకోసారి అర్హత ఉన్నవాళ్లు పూర్తిగా పరీక్షించాలి. బరువులు కట్టే స్లింగ్, షాకిల్ (బోల్టు బిగించే ఉక్కు కడియం) లాంటి వాటికీ అదే 6 నెలల గడువు. పైవాడి సామాను గొప్ప, కిందివాడి సామాను తక్కువ అనే తేడా అక్కడ లేదు. మన సంచుల్లో ఎందుకు ఉండాలి?

తాళ్లు కొనడానికి డబ్బు ఎక్కడిది అని కచ్చితంగా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, ఈ పనిలో లాభం ఎంత సన్ననిదో నాకూ తెలుసు. కానీ కొత్త రకం ఎక్కే పరికరం వచ్చిందనగానే ఉన్నది బాగానే పనిచేస్తున్నా కొనేస్తున్నాం, రంగురంగుల కారబైనర్లు నడుముకు పన్నెండు వేలాడుతున్నాయి, అదే బండిలో స్లింగ్ మాత్రం ఆరేళ్లనాటిది. పాత తాడును దించడానికి వాడితే మిగిలేది ఒక్క మోకు ఖర్చు. అది తెగిన రోజు ఎంత అవుతుందో నేను లెక్క వేయదలుచుకోలేదు, రెండు మూరల దూరంలో నిలబడినవాణ్ని.

అన్నిటికంటే బాధపెట్టేది రెస్క్యూ సంచి. పైనున్నవాడికి గాయమైతే కిందివాడు ఎక్కి దించుకురావడానికి పెట్టే సంచి అది. ఆ తాడు మీద ఒక్కరు కాదు, ఇద్దరు వేలాడతారు. చాలా బండ్లలో ఆ సంచి నిండా ఉండేది ఎవరో వద్దనుకున్న హార్నెస్, ఎవరో వద్దనుకున్న తాడు.

ఇంత రాస్తున్న నేను మా రెస్క్యూ సంచిని విప్పి చూసింది పోయిన నెలలోనే. అడుగున నా పాత హార్నెస్ ఉంది. ముందువైపు తాడు బ్రిడ్జి (ఎక్కే తాడు తగిలించే చిన్న తాడు) అరిగిపోయి లోపలి పోగులు కనపడుతున్నాయి. దాన్ని అక్కడ పెట్టింది నేనే, ఎప్పుడు పెట్టానో గుర్తు కూడా లేదు. అదే రోజు దాన్ని కోసేశాను. కొత్తది మా కింది మనిషినే ఎంచుకోమన్నాను, అతని నడుముకు సరిపడేలా పట్టీలన్నీ సరిచేశాం. తాడు కూడా కొత్తదే వేశాం, కొసన చీటీ కట్టి తేదీ, అతని పేరు రాశాం. తర్వాత నేను ఎనిమిది మీటర్ల ఎత్తున కదలకుండా వేలాడాను, అతను ఎక్కి నన్ను దించాలి. మొదటిసారి పంతొమ్మిది నిమిషాలు పట్టింది. నాలుగోసారి ఎనిమిది. వచ్చే వారం మళ్లీ చేస్తున్నాం.