గుమాస్తా ఇంట్లో, ఓటీపీ గల్లాపెట్టెలో

చిన్న వ్యాపారానికి ఇంటి నుంచి పని ఒక వరం. ఈ సంగతి ఇంకా ఒంటబట్టని సావుకార్లు హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో కొందరు మిగిలి ఉండటం విచారకరం. సిమెంటు అమ్మినా, పైపులు అమ్మినా, విత్తనాలు అమ్మినా లెక్కలు రాసే మనిషి దుకాణంలోనే కూర్చోవాలన్న మూఢనమ్మకం ఇకనైనా వదలాలి. ఆ మనిషిని ఇంటికి పంపితే ఒక కుర్చీ, ఒక ఫ్యాను, పూటకో చాయ్ మిగులుతాయి. కుర్చీ తీసిన జాగాలో నాలుగు బస్తాలు పడతాయి. బస్తాలు జీతం పెంచమని అడగవు.

ముందుగా కరెంటు లెక్క చూద్దాం. డెస్క్‌టాప్ 150 వాట్లు, ఫ్యాను 75, రౌటర్ 10. రోజుకు తొమ్మిది గంటలు నడిస్తే రెండు యూనిట్ల పైచిలుకు, నెలలో 26 పనిదినాలకు 55 యూనిట్లు. దుకాణం మీటరు మీదైతే ఇది కమర్షియల్ ధర. గుమాస్తా ఇంటికి మారితే దుకాణానికి ఆ ఖర్చే లేదు. ఆయన ఇంట్లో నెలకు 160 యూనిట్లు కాలేవి. 200 లోపే కాబట్టి గృహజ్యోతి పథకం కింద బిల్లు సున్నా వచ్చేది. ఇప్పుడు 215. గీత దాటిన ఆ పదిహేను యూనిట్లకే బిల్లు వేస్తారనుకుంటే పొరపాటు, మొత్తం 215కూ వేస్తారు. వెయ్యి దాటుతుంది. సావుకారు పెద్ద మనసుతో నెట్ ఖర్చుకని నెలకు మూడు వందలు ఇస్తాడు. మిగతాది స్వేచ్ఛకు వెల.

ఈ పద్ధతి మనకు కొత్తగా వచ్చిందని కొందరి భ్రమ. కాజీపేట దగ్గరి మడికొండలో ఐటీ కంపెనీలు 2020 జనవరిలో తలుపులు తెరిచాయి, మార్చిలో లాక్‌డౌన్ పడి ల్యాప్‌టాపులు ఇళ్ళకు చేరాయి, అప్పటి నుంచే మొదలైందని లెక్క చెబుతారు. సిరిసిల్ల, జగిత్యాల, కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టడం ఎన్ని తరాల నుంచి? వాళ్ళు ఇంట్లో కూర్చునే పని చేస్తారు. తునికాకు నానబెట్టుకోవడం, కత్తెరతో కొలతకు కత్తిరించుకోవడం, తంబాకు వేసి చుట్టి దారం కట్టడం, మొన మడవడం అంతా ఇంట్లోనే, వంటకూ పిల్లలకూ మధ్య. ఇంట్లో చుట్టినా కార్మికులే అని 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఒప్పుకుంది కూడా.

కాకపోతే బీడీ పనిలో ఒక పాత చాదస్తం ఉంది. ఆకూ తంబాకూ తూకం వేసి ఇస్తారు, చుట్టినవి లెక్కబెట్టి తీసుకుంటారు, వెయ్యికి ఇంత అని కూలి కడతారు. పొద్దున పదకొండింటికి నువ్వు చాట ముందర ఉన్నావా లేవా అని ఎవరూ అడగరు. మన దుకాణాలు ఈ చాదస్తాన్ని వదిలించుకున్నాయి. రోజుకు ఎన్ని బిల్లులు ఎక్కించాలి, బ్యాంకు స్టేట్‌మెంటుతో ఖాతా ఏ వారం సరిచూడాలి, ఎవరి బాకీ ఏ తారీఖుకు అడగాలి అన్నవి ఎక్కడా రాసి ఉండవు. వాటన్నిటికీ బదులు వాట్సాప్‌లో గంటకోసారి ఒకే ప్రశ్న: "లైన్ల ఉన్నవా?"

ఇక సాంకేతిక ఏర్పాటు. దుకాణంలోని కంప్యూటర్లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ ఉంటుంది, లైసెన్సు ఒక్కరికే. గుమాస్తా ఇంటి నుంచి ఎనీడెస్క్‌తో, అంటే దూరాన్నుంచే ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌తో, అందులోకి దూరుతాడు. ఆయన కొనుగోలు బిల్లు ఎక్కిస్తుంటే, ఇక్కడ కౌంటర్ పిల్లగాడు గిరాకీకి బిల్లు ప్రింట్ తీయడానికి అదే మౌసు పట్టుకుంటాడు. తెర మీద బాణం అటు వైపు రెండు అంగుళాలు, ఇటు వైపు రెండు అంగుళాలు పోతుంది. చివరికి పైపుల బిల్లు సిమెంటు వాళ్ళ ఖాతాలో పడుతుంది. దీన్ని ఇద్దరూ కలిసి పని చేయడం అంటారు. అరగంట ఎవరూ ముట్టకపోతే కంప్యూటర్ నిద్రపోతుంది, ఇంట్లో ఉన్నవాడికి తెర నల్లబడుతుంది. సెట్టింగుల్లో స్లీప్‌ను నెవర్ అని మారిస్తే పోయేదే. మార్చినా రాత్రి షట్టర్ దించేటప్పుడు పిల్లగాడు మెయిన్ బంద్ చేసి పోతాడు, టాలీ తెరిచి ఉండగానే. మర్నాడు డేటా తెరుచుకోకపోతే బ్యాకప్ ఏదని వెతుకుతారు. అది అదే కంప్యూటర్లో, డీ డ్రైవులో క్షేమంగా ఉంటుంది.

అసలు రసం ఓటీపీలో ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన నంబరు సావుకారుది, రిటర్ను వేయడానికి కావాల్సిన ఓటీపీ దానికే వస్తుంది. నెలనెలా లెక్క చెప్పేవాళ్ళు అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 పదకొండో తారీఖులోపు, పన్ను కట్టే రిటర్ను 3బి ఇరవయ్యో తారీఖులోపు వేయాలి. గుమాస్తా అన్నీ సిద్ధం చేసి ఇరవయ్యో తారీఖు సాయంత్రం ఫోన్ చేస్తాడు.

"సార్, ఓటీపీ వచ్చిందా?"

"జర ఆగు, పెండ్లిల ఉన్న. చప్పుడుకు ఏం వినబడ్తలేదు."

ఆ ఓటీపీ గడువు నిమిషాల్లో తీరుతుంది. పెండ్లి విందు తీరదు. కట్టాల్సిన పన్ను ఉన్న రిటర్ను ఆలస్యమైతే రోజుకు యాభై రూపాయల ఫీజు, ఆపై వడ్డీ. అదే నెలలో ఏనుమాముల మార్కెట్ దగ్గర గోదాము ముందు లారీ లోడై నిలబడి ఉంటుంది. సరుకు విలువ యాభై వేలు దాటింది గనక, సరుకు రవాణాకు ఆన్‌లైన్లో తీసే ఈ-వే బిల్లు లేనిది కదలదు, దానికీ ఓటీపీ కావాలి. డ్రైవర్ క్యాబిన్‌లో కాళ్ళు చాపుకుని పడుకుంటాడు. ఈ మొత్తం వ్యవస్థలో పని గంటల వెసులుబాటు నిజంగా అనుభవించేది ఆయనొక్కడే.

ఈ-వే బిల్లు పోర్టల్‌లో సబ్ యూజర్‌ను, అంటే సావుకారు ఖాతా కిందే ఇంకో మనిషికి వేరే లాగిన్‌ను, పెట్టుకోవచ్చు. బిల్లు పుట్టించే అధికారం మాత్రమే ఇచ్చి, మిగతావి ఆపవచ్చు. ఓటీపీ ఆ సబ్ యూజర్ ఫోనుకే పోతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఇంకొకరిని అధీకృత సంతకందారుగా, అంటే దుకాణం తరఫున రిటర్ను వేయగల మనిషిగా, చేర్చుకోవచ్చు. టాలీలోనూ ఒక్కొక్కరికి ఒక్కో పాస్‌వర్డు, ఎవరు ఏది చూడాలో ఏది దిద్దాలో హద్దు పెట్టవచ్చు. అంతా కలిపి ఒక పూట పని. కానీ ఇవన్నీ చేసి పెడితే సావుకారుకు రోజుకు ఎన్ని ఫోన్లు వస్తాయి? రాకపోతే ఆయన సావుకారని ఆయనకైనా ఎట్లా తెలుస్తుంది? కాబట్టి సిఫార్సు చేయడం లేదు.

కరెంటు పోతే, డెస్క్‌టాప్ కాక ల్యాప్‌టాప్ ఉన్నవాడికి బ్యాటరీ ఉంటుంది, రౌటర్‌కు ఉండదు. 12 వోల్టుల చిన్న యూపీఎస్ తగిలిస్తే రెండు మూడు గంటలు లాగుతుంది, వెయ్యి పదిహేను వందల్లో వస్తుంది. అది ఎవరు కొనాలన్న చర్చ చాలా దుకాణాల్లో సాగుతూనే ఉంది. కరెంటు ఉన్నా కోతులు కేబుల్ పట్టుకుని ఊగిన రోజు నెట్ ఉండదు. దీనికి యూపీఎస్ కూడా పనిచేయదు.

పని గంటల సంగతి ఇంకా ఘనం. దుకాణాల చట్టం 1988లో రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 అని రాసింది. అది గడియారం చూసి షట్టర్ దించే కాలం. ఇంట్లో షట్టర్ ఎక్కడిది? రాత్రి పదింటికి "ఆ హుజూరాబాద్ పార్టీ పైసలు ఏసిండా, చూడు" అంటే చూడాలి. బతుకమ్మ ఆడేందుకు సాయంత్రం అయిదింటికే ముగిస్తానంటే మాత్రం వెసులుబాటును దుర్వినియోగం చేసినట్టు. రెండేళ్ళకోసారి వచ్చే మేడారం జాతరకు నాలుగు రోజులు సెలవడిగితే సావుకారు కాదనడు, "అక్కడ సిగ్నల్ వస్తదా?" అని మాత్రం అడుగుతాడు. లక్షల మంది ఒక్కచోట చేరాక ఫోన్ కలవడమే గగనమని గుమాస్తాకు తెలుసు. వస్తదనే చెప్పి పోతాడు.

ఈ ప్రయోజనాలన్నీ చూశాక ఏ దుకాణమైనా వెంటనే మనిషిని వెతుక్కోవాలి. ప్రకటన ఇట్లా ఉంటే సరిపోతుంది: "వర్క్ ఫ్రం హోం. టాలీ, జీఎస్టీ వచ్చిన గుమాస్తా కావలెను. సొంత కంప్యూటర్, సొంత నెట్, సొంత ఇన్వర్టర్ తప్పనిసరి. బైకు ఉన్నవారికి ప్రాధాన్యం. రోజూ పొద్దున పదింటికి దుకాణానికి వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టి పోవలెను."